వాడిన వంకాయలు

వంకాయ తొడిమె గిల్లి ముక్కు దగ్గర పెట్టుకుంది రోజారాణి. పచ్చి వాసనే వస్తోంది. పైన తోలు మాత్రం ముసలవ్వ మోచెయ్యి లెక్క ముడతలు పడింది, మెరుపు పోయింది, బొటనవేలితో నొక్కితే పడిన సొట్ట లేవనంటోంది. లేవకుంటే మానె. ఉప్పు నీళ్ళలో కాసేపు పడుకోబెడితే అదే ఒళ్ళు విరుచుకుంటుంది. గిన్నె నిండా నీళ్ళు పట్టి, గుప్పెడు గల్లుప్పు వేసి, వంకాయలను ఒక్కొక్కటే అందులోకి జారవిడిచింది. తేలుతున్నాయి. వేలితో ముంచితే మునిగి, వేలు తీయగానే బుడుంగున పైకి వస్తున్నాయి. తాజా వంకాయ కూడా ఇట్లాగే తేలుతుందా, వాడింది గనుకనే తేలుతోందా? పెళ్ళయినప్పటి నుంచి ఈ పొయ్యి ముందే నిలబడి ఉంది, ఈ సంగతి ఎన్నడూ చూడలేదెందుకు? చూద్దామన్నా వంకాయ ఈ గడప తొక్కిందెక్కడ. అమ్మ తన దగ్గరే ఉండేది, ఉన్నన్నాళ్ళు తేనివ్వలేదు. అమ్మ పోయి ఇంకా ఆరు నెలలు కూడా నిండలేదు, అప్పుడే వంకాయలు వచ్చి గిన్నెలో ఈత కొడుతున్నాయి. అది కూడా ఎవరి కోసం? ఆ మాట దగ్గరికి రాగానే రోజారాణి చెయ్యి నీళ్ళలోనే ఆగింది. కిటికీ అవతల ముసురు. మూడు అంతస్తుల కింద సుచిత్ర చౌరస్తా వైపు నుంచి హారన్లు తడిసిపోయినట్టు మెల్లగా వినిపిస్తున్నాయి. నాందేడ్ బండి ఈపాటికి మేడ్చల్‌లో ఆగి ఉంటుంది. అక్కడ దిగి బస్సు పట్టుకుంటానన్నాడు ఆయన.

ఆయన అంటే గౌరయ్య. ఆమెను కన్న తండ్రి. రోజారాణికి పాలపండ్లు మొలిచే వయసులో లారీ మీద క్లీనర్‌గా నాందేడ్ పోయాడు, మొదట నెలకోసారి వచ్చాడు, తర్వాత పండుగకు వచ్చాడు, ఆ తర్వాత రాలేదు. రాలేదు అంటే చచ్చిపోయాడని కాదు. ఆడ ఇంకో ఇల్లు పెట్టిండట అని లాల్‌గడి మలక్‌పేట్ ఊరంతా అనుకున్నారు. అమ్మ మాత్రం ఎవరు అడిగినా ఒకటే మాట, రోడ్డు వట్టుకొని పోయిండు. తిట్టలేదు, ఏడవలేదు, దేవునికి ముడుపు కట్టలేదు. వానకాలంలో వాన పడ్డట్టు ఆయన పోయాడు, అంతే. మొన్న ఎండాకాలంలో అమ్మ పోయాక, అమ్మ తరఫు చుట్టం, లారీ నడిపే ఓదెలు మామ ఎక్కడో దాబాలో ఆయన్ని చూసి, ముత్తమ్మ లేదు గౌరన్నా అని చెప్పాడట. తర్వాత కొన్ని వారాలకు తెలియని నెంబరు నుంచి ఫోను. నేను గౌరయ్యను. అటువైపు శ్వాస, వెనక ఎక్కడో కుక్కర్ కూత. ఆ కూత విని రోజారాణికి అదేం వింతో, ఎందుకు చేసినవ్ అని అడగాల్సింది పోయి, వాళ్ళింట్లో ఏం వండుతున్నారో అనిపించింది. నోరు దానంతట అదే అంది: ఆదివారం రా, తిందువుగానీ. ఫోను పెట్టేశాక భర్త బాలేష్ మొహం చూసి, నేనేమన్న, అని అతన్నే అడిగింది. తిననీకి రమ్మన్నవ్, అన్నాడు బాలేష్. ఈ రోజు పొద్దున అతను బిడ్డను బండి మీద ఎక్కించుకుని అలియాబాద్‌లో తమ్ముడింట్లో ఫంక్షన్‌కు వెళ్ళిపోయాడు. నువ్వు ఒక్కదానివే మాట్లాడుకో, మేముంటే ఆయనకు పరేషాన్ అయితది, అని. మంచి మనిషి. మటన్ తెద్దామా అని కూడా అడిగాడు. అల్లుడొస్తే మటన్ తేవాలి, వియ్యంకుడొస్తే కోడిని కొయ్యాలి, పోయినోడు తిరిగొస్తే ఏం వండాలో ఎవరు చెప్తారు? వద్దంది. శనివారం ఎప్పుడూ ఏం తెచ్చుకుంటామో అదే తెస్త. మనం తినేదే ఆయనా తింటడు.

ఆ మాటలో కోపం ఉందా లేదా అని ఇప్పుడు పాలకూర కట్ట విప్పుతూ వెతుక్కుంది. పసుపు తిరిగిన ఆకులు ఒక పక్కకు, నల్లగా జిగురు కారేవి చెత్తబుట్టలోకి, మిగిలినవి చన్నీళ్ళలోకి. కట్టలో సగం కంటే ఎక్కువే మిగిలింది. కోపం ఉన్నట్టు లేదు. మొండితనం కొంచెం ఉంది. ఎక్కువగా ఉన్నది, చూద్దాం ఏమవుతుందో అన్న కుతూహలమే. సూపర్ మార్కెట్‌కు వెళ్ళేదీ దానికే. శనివారం పొద్దుగూకే వేళ కూరగాయల వరసల చివర ఒక నీలం ట్రే పెడతారు, అందులో అన్నీ రేపటికి ఆగనివి, సగం ధరవి. అక్కడ పనిచేసే శ్రీలేఖ అనే అమ్మాయి వాటికి పసుపు చీటీలు అంటిస్తూ ఉంటుంది. అందరూ ఇంటి దగ్గరే ఏం వండాలో అనుకుని సంచీ పట్టుకుని వస్తారు, రోజారాణి ఉత్త సంచీతో వస్తుంది, ఏం వండాలో ట్రే చెప్తుంది. పక్క పోర్షన్ ఆవిడ ముక్కు విరుస్తుంది, గవి ఏరుకొచ్చుకునుడెందుకమ్మా, మీకేం తక్కువ అని. ఏమీ తక్కువ కాదు, కానీ ఆ ట్రే ముందు నిలబడితే కలిగే సంబరం ఆవిడకు ఎట్లా చెప్పాలి? ఈ టమాటలో ఇంకా ఎంత ప్రాణముంది, ఇది చారుకు పనికొస్తుందా, పచ్చడికా, ఈ రోజే అయిపోవాలా, రేపటి దాకా ఆగుతుందా, పొడుపు కథ విప్పినట్టు ఉంటుంది. తాజా కూరగాయ ఏ కథా చెప్పదు, ఎవరు వండినా అది కూరవుతుంది. నిన్న ట్రేలో వంకాయలు చూసి చేత్తో తిప్పుతూ, దీనికేమైంది శ్రీలేఖా, అని అడిగింది. ఏం కాలే ఆంటీ, కొత్త లోడ్ వచ్చింది, పెట్టెటందుకు జాగ లేదు, అంది ఆ అమ్మాయి చీటీ మీద నుంచి తలెత్తకుండానే. ఏం కాలే, జాగ లేదు. ఆ మాట పట్టుకుని రోజారాణి అక్కడ చాలాసేపు నిలబడింది. వెనకాల ఎవరో తోపుడు బండితో జరగమ్మా అనేదాకా.

బాండీ వేడెక్కింది. నువ్వులు వేసింది, అవి చిటపటమని ఎగరడం మొదలుపెట్టగానే మూత అడ్డం పెట్టి, ఒక్కటి మాత్రం తప్పించుకుని మిక్సీ మీద పడితే వేలికి అంటించుకుని నోట్లో వేసుకుంది. ఇంకొంచెం వేగాలి. తర్వాత పల్లీలు, తర్వాత ఎండుకొబ్బరి. వాడిన వంకాయలో నీళ్ళు తక్కువుంటాయి, అందుకే మసాలా బాగా పీల్చుకుంటుంది, తాజాదానికంటే ఇదే రుచని అమ్మ అనేది. అమ్మ అనేదా? వంకాయ వండని అమ్మ ఆ మాట ఎట్లా అంటుంది? అమ్మ అన్నది ద్రాక్ష గురించి. శామీర్‌పేట వైపు అప్పుడన్నీ ద్రాక్ష తోటలే, ఇప్పుడు ప్లాట్లకు నాటిన తెల్ల రాళ్ళు ఉన్నచోటంతా పందిళ్ళు ఉండేవి. అమ్మ అక్కడ కూలికి పోయేది. గుత్తులు డబ్బాలకెక్కి పట్నం పోయేవి, రాలినవి, పగిలినవి కూలోళ్ళకు. కొంగులో మూట కట్టుకుని వచ్చి చాప మీద కుమ్మరించేది, తల్లీబిడ్డలు కూర్చుని ఏరేవారు. కుళ్ళింది వేరు బిడ్డ, వాడింది వేరు. కుళ్ళినదాన్ని ముట్టుకుంటె చేతికి అంటుతది, వాడినదాన్ని ముట్టుకుంటె ఉత్తగ మెత్తగుంటది. పగిలినవి పక్కకు తీసి బెల్లంతో ఉడికించి, అందులో మిరియాలు దంచి వేసేది. ఆ పాకం అన్నంలో కలుపుకుని తింటే కళ్ళు మూసుకుపోయేవి. ఆ రుచి మళ్ళీ ఎక్కడా దొరకలేదు. నాణెమైన పండ్లు కొనుక్కొచ్చి చేసినా రాలేదు. పగిలిన పండులో ఉండే పులుపు లేకనేమో.

అమ్మ వంకాయ తోటల్లో కూడా పనిచేసింది. ఆ రోజుల్లో చేతులకు పాత చీర పీలికలు చుట్టుకుని పోయేది, ముళ్ళకు కాబోలనుకునేది రోజారాణి. సాయంత్రం అందరి కొంగుల్లో వంకాయలుంటే అమ్మ కొంగులో మాత్రం ఉల్లాకో, పచ్చిమిరపకాయలో ఉండేవి. మనకొద్దు వంకాయ, అనేది. ఎందుకని అడిగితే, వద్దంటే వద్దు. ఆ వద్దు చుట్టూ రోజారాణి చిన్నప్పటి నుంచి ఒక కథ అల్లుకుంది. పోయినోడికి వంకాయ కూర ప్రాణం అయి ఉంటుంది. నువ్వులు వేసిన పులుసు కూర పెట్టుకుని, జొన్నరొట్టె తుంచుకుని తింటుంటే అమ్మ ఎదురుగా కూర్చుని చూసి ఉంటుంది. ఆయన రావడం మానేశాక అమ్మ నోటితో ఒక్క మాట అనకుండా ఆ కూరను ఇంట్లోంచి పంపేసింది. ఏడవని అమ్మ ఏడుపంతా ఆ వంకాయ వండకపోవడంలోనే ఉంది. పెద్దయ్యాక కూడా ఆ కథ అట్లాగే ఉండిపోయింది, ఎవరినీ అడగలేదు, అమ్మను అసలే అడగలేదు. అడిగితే పోతుందని భయమేమో. నిన్న ట్రేలో వంకాయలు కనపడగానే ఒళ్ళు ఝల్లుమన్నది అందుకే. ఈ రోజు పళ్ళెంలో పెట్టి మొహం చూడాలి. తెలిసిపోతుంది.

ఇంకేం ఇష్టమో మాత్రం ఒక్కటీ తెలియదు. కారం ఎక్కువ తింటాడా, చప్పగానా, చారులో బెల్లం ముక్క వేయాలా, పెద్ద వయసు కదా, షుగరుందేమో. ఎంత ఎత్తు ఉంటాడు? ఫోటో ఒక్కటీ లేదు. ఆయన గురించి ఆమె దగ్గరున్నది ఒక్కటే, శామీర్‌పేట చెరువు. కట్ట మీద బండరాయి, ఆ రాయి వేడి, ఎవరో పెద్ద చేతుల మనిషి కాల్చిన మక్కకంకి పట్టుకుని ఉఫ్ ఉఫ్‌మని ఊదుతున్నాడు, ఒక్కొక్క గింజా ఒలిచి నోట్లో పెడుతున్నాడు, ఆ వేళ్ళకు డీజిల్ వాసన. అమ్మతో చెబితే, మనమెన్నడు పోయినం చెరువుకు, నీకు కలవడ్డట్టున్నది, అంది. కలలో వాసన వస్తుందా? ఎవరినైనా అడగాలి. వాసన గుర్తుంది గనుక జరిగే ఉంటుందని ఒకసారి, డీజిల్ వాసన ఎక్కడైనా వస్తుంది, మెదడు తెచ్చి అతికించుకుందని ఇంకోసారి. ఈ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కడే, ఆయన ఇప్పుడు బస్సులో కూర్చుని ఉన్నాడు, బహుశా కొంపల్లి దాటుతున్నాడు.

టమాటలు చేతిలోకి తీసుకుంటేనే తోలు ఊడి వచ్చింది, గిన్నెలో పిసికి చింతపండు రసం పోసి చారుకు పెట్టింది. పాలకూర, పెసరపప్పు కుక్కర్‌లోకి. మిగిలింది పుట్టగొడుగుల డబ్బా. అంచులు గోధుమ రంగు తిరిగాయి. పల్చగా కోస్తుంటే కత్తి కింద కిర్రుమని శబ్దం, వాన పడ్డ మర్నాడు ఊరవతల పుట్టల దగ్గర పుట్టగొడుగును అమ్మ వేలు పెట్టి లేపితే వచ్చిన శబ్దం లాంటిదే. ఇవి ఎక్కడో ఏసీ గదిలో చీకట్లో పెరిగాయట, నేలలోంచి లేపే ఉరుము అంటే ఏందో తెలియదు వీటికి, అయినా శబ్దం అదే. ఉల్లిగడ్డలు ఎర్రగా వేగాక వేసింది, నీళ్ళు ఊరాయి, మంట పెంచి ఆ నీళ్ళు ఇగిరేదాకా కలుపుతూ నిలబడింది, మిరియాలు చల్లింది. వంకాయలను నీళ్ళలోంచి తీసి చూస్తే తోలు నిజంగానే బిగిసింది, కొంచెం నిగనిగ కూడా వచ్చింది. తొడిమె విడిపోకుండా నాలుగుగా చీరి, లోపల గింజ నల్లబడినవి రెండు పారేసి, నూరిన నువ్వుల ముద్ద కూరి నూనెలోకి వదిలింది. ఇల్లంతా వాసన పట్టుకుంది. కుట్టుమిషన్ గోడకు జరిపి చాప వేసింది. ఎందుకు పోయినవ్ అని అడుగుతుందా తను? అన్నం పెట్టి అడగడం మర్యాదా? పెట్టకముందు అడగాలా? తింటుండగా అడిగితే ముద్ద గొంతులో పడుతుంది. కుక్కర్ కూసింది. ఎన్నో కూతో లెక్క తప్పింది.

తలుపు చప్పుడైంది. తీసింది. ఎదురుగా ఒక పొట్టి మనిషి నిలబడి ఉన్నాడు. రోజారాణి కంటే పొట్టి. ఇన్నేళ్ళు తల ఎత్తి చూడాల్సిన మనిషిని ఊహించుకుంది, ఇప్పుడు చూపు కిందికి దించుకోవాల్సి వచ్చింది. ఇస్త్రీ మడతలు కనపడే తెల్ల చొక్కా, భుజాల దగ్గర తడి, పలుచబడిన జుట్టు. చెప్పులు గడప బయట విప్పి, తిరిగి వెళ్ళేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా ముక్కులు మెట్ల వైపు తిప్పి పెట్టాడు. చెవులు ముందుకు పొడుచుకుని వచ్చిన తీరు చూసి రోజారాణి ఉలిక్కిపడింది. అవి అచ్చం ఆమె కూతురు చెవులు. ఆ చెవులు ఎక్కడివని బాలేష్, ఆమె ఎన్నిసార్లో నవ్వుకున్నారు.

"ఎవ్వరు లేరా బిడ్డా?" అన్నాడు లోపలికి చూస్తూ.

"అలియాబాద్ పోయిన్రు. కాళ్ళు కడుక్కో, అన్నం పెడ్త."

చాప మీద కూర్చున్నాడు, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా. అన్నం, పప్పు, పుట్టగొడుగుల వేపుడు, పళ్ళెం నడుమ రెండు వంకాయలు, నూనె తేలిన గ్రేవీ. ఆమె ఎదురుగా కూర్చోలేదు, వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. మొహం సరిగ్గా కనపడే చోటు అదే. ఆయన పళ్ళెం వైపు చూశాడు. మొహంలో ఏమీ మారలేదు.

"వంకాయనా?"

"ఊఁ. నీకు ఇష్టమని చేసిన."

"నాకా? ఎవలు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే. నువ్వు పోయినంక అమ్మ వంకాయ వండలేదు. ఎన్నడూ వండలేదు. గందుకని నేనే అనుకున్న."

ఆయన చెయ్యి పళ్ళెం మీద ఆగింది. ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు నొసలు ముడిపడింది.

"మీ అమ్మకు వంకాయ పడకపోయేది బిడ్డా. ముట్టుకుంటెనే చేతులు ఎర్రగ దద్దుర్లు లేసేటియి, రాత్రంత గోక్కునేది. నేనున్నప్పుడు గూడ ఎన్నడు వండలె. నాకు ఇష్టమో కాదో నాకే తెల్వది."

రోజారాణికి ముందు అర్థం కాలేదు, తర్వాత చీర పీలికలు చుట్టుకున్న అమ్మ చేతులు కళ్ళముందుకు వచ్చాయి, తర్వాత నవ్వు వచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు, గుమ్మం పట్టుకుని నవ్వింది. దద్దుర్లు. ఇన్నేళ్ళు ఇంత పెద్ద కథ మోసింది, అమ్మ మౌనానికి, కన్నీళ్ళకు, ఆత్మాభిమానానికి గుడి కట్టి పెట్టింది, తీరా చూస్తే లోపల దురద. అయితే అమ్మ ఏడుపు ఎక్కడ దాచిపెట్టినట్టు? అసలు ఏడ్చిందా? నవ్వు తగ్గేసరికి ఆ ప్రశ్న ఉత్తగా మిగిలిపోయింది. ఇంకో వింత, తను పక్కనే పడుకుని పెరిగిన అమ్మ గురించి తనకు తెలియని సంగతి ఈ పొట్టి మనిషికి తెలుసు. ఆయన కూడా అర్థమై అర్థంకాక సన్నగా నవ్వాడు, వంకాయ తుంచి నోట్లో పెట్టుకున్నాడు, నమిలాడు.

"మంచిగున్నది. మస్తుగున్నది," అన్నాడు నెమ్మదిగా, కనిపెట్టినట్టు.

అదే అదనని, "శామీర్‌పేట చెరువుకు తోల్కపోయినవా నన్ను? చిన్నప్పుడు? మక్కకంకి పెట్టినవా?" అని అడిగేసింది. ఆయన చాలాసేపు ఆలోచించాడు. అబద్ధం చెప్పడానికి కావలసినంత సమయం తీసుకున్నాడు. చివరికి తల అడ్డంగా ఊపి, "పోయి ఉంటం. నాకు యాదికి లేదు బిడ్డా," అన్నాడు. మనసు చివుక్కుమంది. అయినా, అవును అని ఒక్క మాట అనేస్తే సరిపోయేది కదా, అనలేదు. ఆ అనకపోవడం ఎందుకో నచ్చింది. చారు పోయడానికి వంగినప్పుడు ఆమె గమనించింది, ఆయన అన్నం మధ్యలో వేలితో గీత గీసినట్టు రెండుగా చేసి, ఇటు సగమే కలుపుకుని తింటున్నాడు. అటు సగం మీద ఒక వంకాయ, కొంచెం వేపుడు, కొంచెం పప్పు, చెయ్యి తగలకుండా పక్కకు జరిపి ఉన్నాయి.

"గదేంది, అట్ల పక్కకు పెట్టినవ్? కారమైందా?"

"కారం గాదు." ఆయన గొంతు సన్నబడింది. "ఒక డబ్బ ఉంటె ఇయ్యి బిడ్డా. గీ సగం నేను ముట్టలె. కింద పోరి కూసున్నది."

"ఏ పోరి?"

"దీప. నా చిన్నబిడ్డ. ఒక్కన్నే వస్తె దారి తప్పుతనని ఎంట వచ్చింది. పైకి రమ్మంటె రాలె. అక్కకు ఎట్లుంటదో ఏమో, నువ్వు పో అన్నది."

అక్క. ఆ మాట గదిలో ఎక్కడ పడిందో చూడాలన్నట్టు రోజారాణి చుట్టూ చూసింది. నాందేడ్‌లో ఇంకో ఇల్లుందని ఎప్పటి నుంచో తెలుసు. ఇల్లంటే ఇటుకలు, తలుపు, ఒక ఆడమనిషి, అంతవరకే అనుకుంది. ఆ ఇంట్లోంచి ఒక పిల్ల లేచి, రైలెక్కి, తన అపార్ట్‌మెంట్ కింద వానలో కూర్చుని ఉంటుందని ఊహకు రాలేదు. కోపం రావాలి కదా. వస్తుందేమోనని ఒక క్షణం ఆగింది కూడా. దానికంటే ముందు కాళ్ళు కదిలాయి. ఎట్లా ఉంటుంది, ఎంత పిల్ల, ఏం చదువుతోంది, ఆ చెవులు ఆమెకూ వచ్చాయా? లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగింది.

కింద మందుల దుకాణం రేకు కింద ప్లాస్టిక్ కుర్చీలో ఒక అమ్మాయి, ఒళ్ళో బ్యాగు, ముడిచిన గొడుగు కారి చెప్పుల చుట్టూ నీళ్ళు. కాలేజీ వయసు. రోజారాణి ఆమె మొహంలో తన పోలిక వెతికింది. నుదురు కాదు, ముక్కు కాదు, చెవుల మీదికి తడి చున్నీ కప్పి ఉంది. వెతికి వెతికి కళ్ళ దగ్గరికి వచ్చేసరికి, ఆ అమ్మాయి కూడా అదే పనిలో ఉందని తెలిసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు అంగుళం అంగుళం చదువుతూ దొరికిపోయి, ఇద్దరూ చూపు తిప్పుకున్నారు.

"తిన్నవా?" అంది రోజారాణి.

"తిన్న అక్కా. బస్సుల బిస్కెట్లు తిన్న."

"బిస్కెట్లు తింటె అన్నం తిన్నట్టేనా. లె. బాపు సగం పళ్ళెం నీకోసం పక్కకు పెట్టి కూసున్నడు."

పైకి వచ్చాక ఇంకో పళ్ళెం తీసింది, కొంచెం ఆగి ఇంకోటి కూడా తీసింది. అన్నం ముగ్గురికి బొటాబొటిగా సరిపోయింది, చారులో ఇంకో గ్లాసు నీళ్ళు పోసి, ఉప్పు సరిచూసి, మళ్ళీ ఒక పొంగు రానిచ్చింది. దీప ఆకలి దాచుకోలేకపోయింది. అన్నీ ఒక్కొక్కటే వేలితో రుచి చూసి, గిదేందక్కా, గిదెట్ల చేసినవ్, అని అడుగుతూనే ఉంది. వంకాయలు సగం ధరకు తెచ్చినవని రోజారాణి చెబితే, చెడిపోయినయి ఇంత రుచి ఎట్ల ఉంటయి, అని కళ్ళు పెద్దవి చేసింది. చెడిపోలే, వాడినయి, అంది రోజారాణి. మాటలు దొర్లుతున్నాయి. దీప డిగ్రీ రెండో ఏడు. వాళ్ళమ్మ బట్టల దుకాణంలో చేస్తుంది. ఓదెలు మామ దాబాలో చెప్పిన సంగతి బాపు ఇంటికొచ్చి చెప్పేదాకా తనకు ఒక అక్క ఉందనే తెలియదట, తెలిసిన రోజు రాత్రి బాపుతో కొట్లాడిందట. ఆ మాట అంటూనే ముద్ద పట్టుకున్న చెయ్యి ఆపి తండ్రి వైపు తిరిగింది.

"బాపూ, అక్కోల్లను ఎందుకు ఇడ్సిపెట్టినవ్? నాకు చెప్పకున్న సరే. అక్కకు చెప్పు."

రోజారాణి పొద్దటి నుంచి ఎట్లా అడగాలో తెలియక అటూ ఇటూ తిరిగిన ప్రశ్నను ఈ పిల్ల నీళ్ళ గ్లాసు అందించినంత సులువుగా ముందుకు తోసేసింది. ఆయన పళ్ళెంలో మెతుకులు ఒక పక్కకు జరిపాడు. బయట వాన కొంచెం పెద్దదైంది.

"ఒకసారి పండుగకు వస్తనని చెప్పి రాలె," అన్నాడు చివరికి. "బండి ఖరాబైంది, ఆన్నే ఆగిపోయిన. ముత్తమ్మ ఏమంటదో అని ఇంకో వారం ఆగిన. వారం నెలయింది. నెలయినంక ఏ మొఖం పెట్టుకొని రావాలె? ఏడాదయినంక ఇంకా కష్టమైంది. ఎంత ఆగితె అంత దూరమైంది బిడ్డా. తర్వాత దీని అమ్మ దొరికింది. అంతే. కోపం లేదు, కొట్లాట లేదు. ఇంకేం లేదు."

ఇంతేనా. ఎంత పెద్ద కారణం ఉంటుందనుకుంది. అమ్మ ఏదైనా అని ఉంటుందనుకుంది, ఆడపిల్ల పుట్టిందనేమో అనుకుంది, ఆ నాందేడ్ ఆమె అప్సరస అయి ఉంటుందనుకుంది. ఇది రైలు తప్పిపోయినంత చిన్నది. ఇంత చిన్నదాన్ని పట్టుకుని కోప్పడడం ఎట్లా, కోప్పడకుండా ఉండడం ఎట్లా? అమ్మ ద్రాక్ష తోటల్లోంచి ఒంటరిగా నడిచొచ్చిన సాయంత్రాలన్నీ ఈ చిన్నదానికి కట్టిన వడ్డీనా? అరవలేదు, మామూలు గొంతుతోనే చెప్పింది.

"చాన ఏండ్లు అమ్మ రాత్రిపూట తలుపుకు గొళ్ళెం పెట్టలె. దొంగలొస్తరే అంటే, మన ఇంట్ల ఏమున్నదని తీస్కపోతరు, అనేది."

ఆయన నమలడం ఆగింది. దీప ఎవరి వైపూ చూడలేదు. చెంప మీదుగా జారి ఆయన తెల్ల గడ్డంలోకి ఇంకిపోయినదాన్ని ఆయన తుడుచుకోలేదు, చెయ్యి ఎంగిలిది. రోజారాణి పెరుగు గిన్నె ఆయన వైపు జరిపింది.

"ఈసారి వచ్చేటప్పుడు ఫోన్ జేసి రా," అంది. కాస్త ఆగి, "జేయకున్నా రా," అంది.

ఆయన తల ఎత్తలేదు. పెరుగు వేసుకుని, అన్నం మెల్లగా కలుపుకోసాగాడు. దీప చెయ్యి చాపి, అడగకుండానే చారు గిన్నె తన వైపు లాక్కుంది.